రాగి లోపలికి వెళ్లిందా? (విరించిపురం డైరీ పుటలు)

9 నవంబర్ 2023, గురువారం

దీపావళికి మూడు రోజులే ఉన్నాయి. వేలూరు బస్సుల్లో కాలు పెట్టే చోటు లేదు. ఇవాళ గిన్నెలో పోసిన లెక్క ముందు రాసేస్తాను: సీరియం నైట్రేట్ 3.908 గ్రాములు, కాపర్ నైట్రేట్ 0.242, గ్లైసిన్ 1.13, అవి కరిగేంత నీళ్లు. సీరియం ఆక్సైడ్‌లో ప్రతి వంద సీరియం పరమాణువుల్లో పదింటి చోట రాగి కూర్చోవాలి. కాగితం మీద ఇది చాలా సులువు.

ఈ వానల్లో సీరియం నైట్రేట్ తూచడం ఒక శిక్ష. సీసా మూత తీసిన నిమిషంలో గాలిలో తేమ లాక్కుని చెంచాకు అతుక్కుంటుంది. తూకంలో చివరి అంకె ఒక చోట నిలవదు.

ద్రావణం లేత నీలంగా వచ్చింది. హాట్‌ప్లేట్ మీద చిక్కబడి జిగురయ్యాక గిన్నెను 400 డిగ్రీల మఫిల్ కొలిమిలోకి తోశాం. మొదట నురగ, తర్వాత గోధుమరంగు పొగ, ఆ తర్వాత ఒక మూల నిప్పు అంటుకుని, కొన్ని సెకన్లలో గిన్నె అంతా పాకిపోయింది. మిగిలింది బూడిదలా తేలికైన, పచ్చ ఛాయ ఉన్న నల్లటి పొడి. రాగి కలపకుండా చేసిన గిన్నెలో లేత పసుపు పొడి.

అగ్గిపెట్టెల ఊరు గుడియాత్తంలో పుట్టిన ఎవరికైనా ఈ రసాయనం కొత్త కాదు. అగ్గిపుల్ల తలలో పొటాషియం క్లోరేట్ ఆక్సిజన్ ఇస్తుంది, గంధకం, జిగురు మండుతాయి. మా గిన్నెలో ఆక్సిజన్ ఇచ్చేది నైట్రేట్, మండేది గ్లైసిన్. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో కె.సి.పాటిల్ బృందం 1988లో అల్యూమినియం నైట్రేట్‌ను యూరియాతో ఇలాగే మండించి, కొన్ని నిమిషాల్లో అల్యూమినా పొడి చేసి చూపించింది. అప్పటి నుంచి ఖరీదైన పరికరాలు లేని కాలేజీలకు ఈ పద్ధతే దిక్కు. మంట క్షణాల్లో ఆరిపోతుంది కాబట్టి పరమాణువులకు విడివిడిగా గుంపులు కట్టే తీరిక తక్కువ. కలిసి ఉన్నవి కలిసే గడ్డకడతాయి. కనీసం అలా ఆశపడతాం.

14 నవంబర్, మంగళవారం

లాబ్‌లో కొత్తగా చేరిన పిల్ల అడిగింది: "మేడమ్, రాగి వేస్తే ఏం మారుతుంది? వేయకపోతే ఏం?" తమిళంలో ఆమెకు చెప్పింది ఇక్కడ తెలుగులో పెట్టుకుంటున్నా.

సీరియం ఆక్సైడ్‌ది, అంటే సీరియాది, ఫ్లోరైట్ నిర్మాణం. ఘనం మూలల్లో, ముఖాల మధ్యలో సీరియం. లోపలి ఎనిమిది చిన్న గదుల్లో ఆక్సిజన్. ఒక్కో సీరియం చుట్టూ ఎనిమిది ఆక్సిజన్లు, ఒక్కో ఆక్సిజన్ చుట్టూ నాలుగు సీరియంలు. ఘనం అంచు 5.411 ఆంగ్‌స్ట్రామ్‌లు. కరగాలంటే 2,400 డిగ్రీల దాకా కాల్చాలి. ఇంత గట్టి ఇల్లు కట్టుకున్నా, సీరియంకు ఒక చపలత్వం ఉంది: 4+గానూ ఉండగలదు, 3+గానూ ఉండగలదు. వేడి పెరిగినా, చుట్టూ ఆక్సిజన్ తగ్గినా ఒక ఆక్సిజన్‌ను వదిలేసి, రెండు సీరియంలు 3+కి దిగుతాయి. గాలి దొరికితే మళ్లీ పుచ్చుకుంటాయి. ఇల్లు కూలదు. సీరియం ఆక్సైడ్‌కున్న గిరాకీ అంతా ఇక్కడే ఉంది.

ఇప్పుడు వేరే లోహం సంగతి. రెండు సీరియం 4+ తీసి రెండు గడోలీనియం 3+ పెడితే రెండు ధన ఆవేశాలు తగ్గుతాయి. లెక్క సరిపోవాలంటే రెండు రుణ ఆవేశాలున్న ఒక ఆక్సిజన్ బయటికి పోవాలి. ఆ చోటు ఖాళీ. రాగి 2+ అయితే ఒక్కటి చేరినా ఒక ఖాళీ. పక్కనున్న ఆక్సిజన్ ఆ ఖాళీలోకి గెంతుతుంది, అది వదిలిన చోటికి ఇంకొకటి. పేరుకు ఘన పదార్థమే, కానీ లోపల ఆక్సిజన్ నడుస్తుంది.

"అయితే ఎంత ఎక్కువ వేస్తే అంత మంచిది కదా మేడమ్?"

కాదు. ఖాళీకీ గడోలీనియంకూ మధ్య ఆకర్షణ ఉంటుంది. పది, ఇరవై శాతం దాటితే ఖాళీలు గడోలీనియాల పక్కన ఇరుక్కుని, గుంపులు కట్టి, కదలడం మానేస్తాయి. ఆక్సిజన్ అయాన్ల వాహకత పెరిగి పెరిగి మళ్లీ పడిపోతుంది. చేర్చిన లోహం పరిమాణం కూడా సరిపడాలి: సీరియం 4+ వ్యాసార్ధం 0.97 ఆంగ్‌స్ట్రామ్, గడోలీనియం 1.053, సమేరియం 1.079. ఇవి రెండూ జాలకాన్ని పెద్దగా సాగదీయవు కాబట్టే ఇంధన ఘటాల వాళ్లు వీటినే పట్టుకున్నారు. ఇంగ్లండులో సెరిస్ పవర్ అనే కంపెనీ గడోలీనియం కలిపిన సీరియాతోనే 600 డిగ్రీల దరిదాపుల్లో పనిచేసే ఘటాలు చేస్తోంది. ఇట్రియం కలిపిన జిర్కోనియా వాడే పాత తరహా ఘటాలకు 800 దాకా కావాలి. ఆ తేడా ఉంటే ఖరీదైన పింగాణీ చట్రం బదులు మామూలు స్టీలు చాలుతుంది.

పిల్ల నోట్సులో రాసుకుంది. రాగి 2+ వ్యాసార్ధం ఎంతని చివర్లో అడిగింది. 0.73. ఆమె పెన్ను ఆగింది. "ఇంత చిన్నది ఆ ఇంట్లో ఎలా ఉంటుంది?"

మంచి ప్రశ్న. నేను ఈ పరిశోధన మొదలుపెట్టినప్పుడు నన్ను ఎవరైనా ఇది అడిగి ఉంటే బాగుండేది.

21 నవంబర్, మంగళవారం

ఎక్స్‌రే గ్రాఫ్‌లు వచ్చాయి. మెషీన్ దగ్గర వరుస చాంతాడంత ఉంది, ఎక్కడని రాయను. గ్రాఫ్ చూడగానే అందరం ఊపిరి పీల్చుకున్నాం: 28.5 డిగ్రీల దగ్గర పెద్ద శిఖరం, 33.1, 47.5, 56.3 దగ్గర మిగతావి. సీరియా తప్ప మరొకటి కనపడలేదు. కాపర్ ఆక్సైడ్ ఉంటే 35.5, 38.7 దగ్గర తల ఎత్తాలి. అక్కడ చదునుగా ఉంది.

గైడుగారు మెసేజ్ పెట్టారు: "సింగిల్ ఫేజ్. కంగ్రాట్స్."

నాకు సంతోషం కలగలేదు. శిఖరాలు బాగా వెడల్పుగా ఉన్నాయి, సగం ఎత్తులో ఒక డిగ్రీ. షెరర్ సూత్రంలో వేస్తే రేణువు పరిమాణం 8 నానోమీటర్లు. ఇంత చిన్న రేణువుల్లో కాపర్ ఆక్సైడ్ రెండు మూడు నానోమీటర్ల చుక్కలుగా పైన అంటుకుని ఉంటే, దాని శిఖరం ఎంత వెడల్పు అవుతుందంటే నేలతో కలిసిపోతుంది. ఎక్స్‌రేకు కనపడలేదంటే అక్కడ లేదని కాదు, పెద్ద స్ఫటికంగా లేదని మాత్రమే అర్థం.

ఇలా వేరే లోహం చేర్చడాన్నే డోపింగ్ అంటారు; దాని మీద వచ్చే పేపర్లలో చాలా ఇక్కడే ఆగిపోతాయి. రెండో శిఖరం లేదు, కాబట్టి లోపలికి వెళ్లింది, జయం. నేను చదివిన వాటిలో పేరున్న పత్రికల్లో వచ్చినవి కూడా ఉన్నాయి.

22 నవంబర్, బుధవారం

శిఖరం కొంచెం జరిగిందిగా, అది సాక్ష్యం కాదా అని పిల్ల వాదన. జరిగింది నిజమే, కుడివైపు 0.05 డిగ్రీలు. చిన్న రాగి చేరితే జాలకం కుంచించుకుని కోణం పెరగాలి, సరిపోయింది అంటోంది.

సరిపోతే సంతోషమే. కానీ రాగి చేరితే ఖాళీలు వస్తాయి, ఖాళీలతో పాటు కొంత సీరియం 3+ అవుతుంది, 3+ వ్యాసార్ధం 1.143; అది జాలకాన్ని ఉబ్బిస్తుంది. రేణువు చిన్నదైనా ఉబ్బుతుంది. కుదించేదీ ఉబ్బించేదీ కలిసి పనిచేసే చోట మిగిలే చిన్న తేడాను పట్టుకుని రాగి లోపల ఎంతుందో చెప్పడం సాహసమే. పోలికకు: పది శాతం గడోలీనియం చేరిస్తే అంచు 5.411 నుంచి 5.418కి వెళ్తుంది. శిఖరంలో కదలిక 0.04 డిగ్రీలు.

ఇంకో చిక్కు ఉంది. సాయంత్రం ఇంటికొస్తూ పిల్లను మార్గబంధీశ్వరుడి గుడికి తీసుకెళ్లాను. ఆమె మా ఊరి గుడి చూడలేదు. అందరిలాగే ముందు ఆ ఎత్తైన ప్రహరీ గోడను చూసి నోరు తెరిచింది. లోపల పొద్దు చెప్పే రాయి ఉంది కదా, అర్ధచంద్రాకారంలో అంకెలు చెక్కింది. గాడిలో పుల్ల పెడితే నీడ పడ్డ అంకె చూసి గంట చెప్పొచ్చు. పొద్దు ఇంకా ఉంది. చీపురుపుల్ల గాడిలో పెట్టాను, నీడ పడింది. పుల్లను గాడి నుంచి ఒక వెంట్రుకవాసి ఎత్తాను, నీడ జరిగింది. సూర్యుడు జరగలేదు.

మెషీన్‌లోనూ అంతే. పొడిని అద్దపు పళ్లెం గుంటలో నింపి స్లైడుతో చదును చేస్తాం. ఆ చదును మిల్లీమీటరులో పదో వంతు ఎత్తుగానో పల్లంగానో ఉంటే చాలు, శిఖరాలన్నీ 0.05 డిగ్రీల పైన జరుగుతాయి. మా జరుగుబాటు కూడా అంతే ఉంది! పిల్ల మొహం చిన్నబోయింది.

దీనికి మందు ఉంది: కొలత తెలిసిన ఇంకో పొడి కలిపి తీయడం. అందరూ సిలికాన్ కలుపుతారు. మాకు అది కుదరదు. సిలికాన్ జాలకం 5.431, సీరియా 5.411, సిలికాన్ శిఖరాలన్నీ సీరియా శిఖరాల మీద పడి కూర్చుంటాయి. కొరండం కలిపితే దాని 35.15 శిఖరం, కాపర్ ఆక్సైడ్ రావలసిన చోటికి అడ్డం. లాంథనం హెక్సాబోరైడ్ అయితే 30.4 దగ్గర ఒంటరిగా నిలబడుతుంది. అది చిటికెడు అడిగి తెచ్చుకోవాలి, కొనే స్తోమత లేదు.

26 నవంబర్, ఆదివారం, కార్తీక దీపం

దీపాలు పెట్టే వేళకే కరెంటు పోయింది. మామ అటక మీది పెట్రోమాక్స్ దింపి గాలి కొట్టారు. మాంటిల్ కొత్తది కట్టి, అంటించి, అది తెల్లటి బూడిద గూడుగా మారేదాకా చూశారు. మా ఆడపడుచు కొడుకు దాన్ని వేలితో ముట్టబోతే ఇంటిల్లిపాదీ ఒక్క కేక. 1984లో 'వైదేహి కాత్తిరుందాళ్' తమిళ సినిమా చూసిన తరానికి మాంటిల్ అంటే అందులోని హాస్యనటులు గౌండమణి, సెంథిలే గుర్తొస్తారు.

ఆ బూడిద గూడు లోకంలో తొలినాళ్లలోనే డబ్బు తెచ్చిన డోపింగ్. ఆస్ట్రియాలో కార్ల్ ఆవర్ ఫాన్ వెల్స్‌బాక్ నూలు తొడుగును లవణాల్లో ముంచి కాల్చితే ఆక్సైడ్ అస్థిపంజరం మిగులుతుందని కనిపెట్టాడు. మొదటి మాంటిళ్లు వెలుగు సరిగా ఇవ్వక, పెళుసై విరిగిపోయి కంపెనీని ముంచేశాయి. 1891లో 99 పాళ్లు థోరియం ఆక్సైడ్, ఒక పాలు సీరియం ఆక్సైడ్ అన్న మిశ్రమం దగ్గర ఆగాడు. ఒట్టి థోరియా అదే మంటలో మసగ్గా వెలుగుతుంది. ఆ ఒక్క శాతం సీరియా కంటికి కనిపించే కాంతిని విడుదల చేస్తుంది; థోరియా వేడిని పరారుణ కిరణాలుగా వృథా చేయకుండా గూడును మండుతూ ఉంచుతుంది. ఆశపడి సీరియా పది శాతం వేస్తే వెలుగు పెరగదు, తగ్గుతుంది: గూడు ఎక్కువ వేడిని పారబోసి చల్లబడుతుంది.

మామకు ఇది చెబితే, "ఒక్క పాలు చాలా?" అన్నారు. ఆయన జీవితమంతా మగ్గం, రంగుల తొట్టె. పాళ్లంటే ఆయనకు గౌరవం.

ఈ మాంటిళ్ల కోసమే మన కోస్తా ఇసుకకు గిరాకీ వచ్చింది. జర్మనీకి వెళ్లిన కొబ్బరిపీచుకు అంటుకున్న ఇసుకలో మోనజైట్ ఉందని షోంబెర్గ్ అనే రసాయనవేత్త గుర్తుపట్టి, దాని జాడ తీస్తూ 1909 ప్రాంతంలో కన్యాకుమారి దగ్గరి మనవాళకురిచ్చి చేరాడు. అప్పుడు కావలసింది థోరియం. సీరియం వెంట వచ్చే చెత్త. మోనజైట్‌లోని అరుదైన మృత్తికల్లో దాదాపు సగం సీరియమే మరి. భీమునిపట్నం తీరం ఇసుకలోనూ అదే. "అరుదైన" అని పేరేగానీ, భూమి పైపొరలో సీరియం ఇంచుమించు రాగి అంత ఉంది. ఆ చెత్తను ఇనుముతో కలిపి వెల్స్‌బాకే 1903లో లైటరు రాయి చేశాడు. బీడీ కాల్చే వాళ్ల జేబులో ఉండే రాయి అదే.

కరెంటు వచ్చాక కూడా మామ దీపం ఆర్పలేదు.

29 నవంబర్, బుధవారం

రాత్రి వేళ మా ఊరి పక్క నుంచి చెన్నై–బెంగళూరు హైవే హోరు వినిపిస్తుంది. అక్కడ పోయే ప్రతి పెట్రోలు కారు కింద సీరియా ఉంది. మన దేశంలో 1995 ఏప్రిల్ నుంచి నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు కెటలిటిక్ కన్వర్టర్ తప్పనిసరి చేశారు. దాంట్లో ప్లాటినం, పెల్లాడియం, రోడియం పేరు మోస్తాయి. పని సరిగ్గా జరిగేది గాలి, పెట్రోలు 14.7కి 1 నిష్పత్తిలో ఉన్నప్పుడే. ఇంజన్ ఆ గీతకు అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. గాలి ఎక్కువైన క్షణం సీరియా ఆక్సిజన్ దాచుకుంటుంది, తక్కువైన క్షణం బయటపెడుతుంది.

ఒట్టి సీరియా ఆ వేడికి తట్టుకోలేదు. 900 డిగ్రీలు దాటితే రేణువులు అతుక్కుపోయి ఉపరితలం హరించుకుపోతుంది. అందుకు జిర్కోనియం కలుపుతారు. ఇక్కడ నాకు నచ్చే సంగతి: జిర్కోనియం కూడా 4+. ఆవేశం తగ్గదు, లెక్క ప్రకారం ఒక్క ఖాళీ కూడా రాదు. అయినా ఆక్సిజన్ విడిచే శక్తి ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఎందుకంటే జిర్కోనియం చిన్నది, 0.84. ఎనిమిది ఆక్సిజన్లను సమంగా పట్టుకోలేదు. కొన్నింటిని దగ్గరికి లాక్కుంటుంది, కొన్నింటిని వదులుగా వదిలేస్తుంది. ఆ వదులువి తేలిగ్గా బయటికి వస్తాయి. హైడ్రోజన్‌లో వేడి చేస్తూ చూస్తే ఒట్టి సీరియాకు రెండు మెట్లు: ఉపరితలపు ఆక్సిజన్ 500 డిగ్రీల దగ్గర, లోపలిది 800 దగ్గర. జిర్కోనియం పడ్డాక లోపలిదీ 500, 600 మధ్యే కదులుతుంది.

హైదరాబాదు ఐఐసీటీలో బి.ఎం.రెడ్డి గారి బృందం ఏళ్ల తరబడి చేసింది ఈ పనే: సీరియాలో జిర్కోనియం, హాఫ్నియం, టెర్బియం, ప్రసియోడిమియం ఒక్కొక్కటే మార్చి మార్చి, 500 నుంచి 800 డిగ్రీల దాకా కాల్చి, ఎవరు నిలుస్తారో చూడడం. ఆ పేపర్లలో నాకు నచ్చేది రామన్ పట్టికలు. ఒట్టి సీరియాకు 464 దగ్గర ఒకే గీత. ఖాళీలు పెరిగేకొద్దీ అది వంగి వెడల్పై, 600 దరిదాపుల్లో ఇంకో గుబ్బ లేస్తుంది. ఎక్స్‌రే సీరియంను చూస్తుంది, తేలికైన ఆక్సిజన్‌ను సరిగా చూడదు. రామన్‌కు ఆక్సిజనే కనిపిస్తుంది.

మా పొడికి 600 గుబ్బ వచ్చింది. అంటే కొంత రాగి లోపలికి వెళ్లింది. ఎంత అన్నదే తగవు.

పిల్ల ప్రసియోడిమియం పొడి చేసింది, ఇటుక ఎరుపు. ఆ రంగుకే పింగాణీ వాళ్లు కొంటారు. రోజంతా సీసా పట్టుకుని తిరిగింది.

5 డిసెంబర్, మంగళవారం

మిచౌంగ్ తుఫాను ఇవాళ బాపట్ల దగ్గర తీరం దాటింది. నిన్న చెన్నై మునిగింది. ఇక్కడ వాన, చలిగాలి. పాలారులో నీళ్లు చూడటం మాకు ఇప్పటికీ పండగే.

ఎండ లేదు కాబట్టి ఫోటోకెటలిసిస్ పరీక్ష ఆగింది, ఆగినందుకు నాకు బాధ లేదు. పొడిని మిథిలీన్ బ్లూ నీళ్లలో వేసి, ఎండలో పెట్టి, 664 నానోమీటర్ల దగ్గర రంగు తగ్గడం కొలవడం, "జౌళి పరిశ్రమ మురుగునీటి శుద్ధికి ఉపయోగపడును" అని చివర ఒక వాక్యం రాయడం. గుడియాత్తం లుంగీలకు రంగు అద్దిన మామను అడిగాను. "మిథిలీన్ బ్లూనా? అదెవరు వాడతారు? నూలుకి వ్యాట్ రంగు, రియాక్టివ్ రంగు. ఉతికితే పోయే రంగు ఎవరు కొంటారు?" అన్నారు.

నీలం నీళ్లు తెల్లబడ్డాయంటే రంగు నశించిందని కాదు. మొదటిది, పొడి ఆ రంగును ఒంటికి పూసుకుని ఉండొచ్చు. అందుకే ముందు చీకట్లో అరగంట కలిపి చూడాలి. రెండోది, మిథిలీన్ బ్లూ ఎలక్ట్రాన్లు పుచ్చుకుని రంగులేని రూపానికి మారుతుంది, గాలి తగిలితే మళ్లీ నీలమవుతుంది. మామ దీన్ని ఒక్క ముక్కలో తేల్చారు: "రంగు చచ్చిందా, దాక్కుందా?" నీళ్లలో మొత్తం కర్బనం తగ్గిందో లేదో కొలిస్తేగానీ జవాబు లేదు.

మూడోది మా పొడి రంగు. సీరియా శక్తి అంతరం 3.2 ఎలక్ట్రాన్ వోల్టులు, అతినీలలోహితాన్నే తాగుతుంది. ఎండలో అది నూటికి నాలుగైదు పాళ్లే. రాగి వేశాక పొడి నల్లబడి, కనిపించే కాంతినంతా తాగుతోంది. గ్రాఫ్ గీసి, గీత పొడిగించి, "శక్తి అంతరం 2.6కి తగ్గింది" అని రాయడం ఎంత తేలిక! పైన అంటుకున్న కాపర్ ఆక్సైడ్ నలుపు అందులో ఎంత? నల్లగా ఉన్నదల్లా పనిచేస్తే బొగ్గుపొడి చాలు.

అయినా, ఈ ప్రాంతంలో నీళ్ల గురించి మాట్లాడాలంటే ముందు మాట్లాడాల్సింది రాణిపేట క్రోమియం గుట్టల గురించి. తోళ్ల శాలలు వాడేది క్రోమియం 3+. అది 6+ అయితే విషం. సీరియం 3, 4 మధ్య ఊగితే మనకు లాభం, క్రోమియం 3, 6 మధ్య ఊగితే పాలారు బావులకు నష్టం. ఈ వాక్యం ఏ ప్రాజెక్టు దరఖాస్తులోనూ పెట్టలేదు.

10 డిసెంబర్, ఆదివారం

కార్తీకం కడపటి ఆదివారం. రాత్రి నుంచీ ఊళ్లో ఇసుక వేస్తే రాలని జనం. సింహతీర్థంలో మునిగి, తడిబట్టలతో ఆడవాళ్లు ప్రాకారంలో పడుకున్నారు, బిడ్డల కోసం. మా వాకిట్లో కూడా ఎవరెవరో కట్టుబట్టలు ఆరేసుకున్నారు. అత్త తెల్లారుజామున లేచి అందరికీ కాఫీ పెట్టింది.

మధ్యాహ్నం కాస్త తీరిక దొరికితే 2003 నాటి 'సైన్స్' పేపర్ మళ్లీ చదివాను. టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో మరియా ఫ్లిట్జానీ–స్టెఫనోపౌలోస్ బృందం చేసింది. లాంథనం చేర్చిన సీరియా మీద బంగారం వేసి, కార్బన్ మోనాక్సైడ్, నీటి ఆవిరి కలిస్తే హైడ్రోజన్ వచ్చే చర్యకు వాడారు. అందరూ బంగారు రేణువులే పని చేస్తున్నాయనుకుంటున్న రోజులు. వీళ్లు సైనైడ్ ద్రావణంతో కడిగి బంగారంలో దాదాపు తొంభై శాతం తీసేశారు. చర్య వేగం తగ్గలేదు! మెరిసే రేణువులు ఊరికే కూర్చున్నాయి. సీరియాలో ఆక్సిజన్‌కు అంటుకుని అయాన్‌గా మిగిలిన ఆ కొంచెం బంగారమే పని చేస్తోంది. బెంగళూరులో ఎం.ఎస్.హెగ్డే గారి బృందం పెల్లాడియంతో చెప్పిందీ ఇదే దారి: ఒకటి రెండు శాతం పెల్లాడియం 2+గా సీరియా జాలకంలోకి వెళ్తే, పైన లోహపు రేణువులుగా వేసిన దానికంటే ఎక్కువ పనిచేస్తుంది.

ఎంత ముద్దొచ్చే ప్రయోగం. కడగడమే! మెషీన్ కోసం వరుస లేదు. రాగికి సైనైడ్ అక్కర్లేదు, పలచని నైట్రిక్ ఆమ్లం చాలు. కాపర్ ఆక్సైడ్ కరిగిపోతుంది, సీరియా కదలదు.

12 డిసెంబర్, మంగళవారం

కడిగాం. పొడిని ఆమ్లంలో కలిపి, రాత్రంతా తిప్పి, సెంట్రిఫ్యూజ్‌లో వేసి, పై నీళ్లు తీశాం. పరీక్షనాళికను కిటికీకి ఎదురుగా పట్టుకుంటే నీలం. లేత నీలం కాదు. అమోనియా రెండు చుక్కలు వేస్తే ముదురు సిరా రంగు. అడుగున మిగిలిన పొడి నలుపు విడిచి బూడిదపచ్చకు తిరిగింది.

వేసిన రాగిలో సగానికి పైగా బయటే ఉందన్నమాట. ఎక్స్‌రేలో ఒక్క శిఖరం లేకుండా.

గైడుగారికి ఫోన్ చేశాను. కాసేపు మాట్లాడలేదు. "ఎక్స్‌పీఎస్‌లో సీరియం 3+ ఎంత వచ్చింది?" అన్నారు. వచ్చిన అంకె చెప్పి, అది నమ్మలేనన్నాను: శూన్యంలో ఎక్స్‌రే కింద పెడితే సీరియా దానంతటదే ఆక్సిజన్ వదులుతుంది, కొలిచే మెషీనే 3+ పుట్టిస్తుంది. "సరేమ్మా, సీవో పరీక్ష చెయ్యి, రెండు పొడులకూ" అన్నారు.

15 డిసెంబర్, శుక్రవారం

కార్బన్ మోనాక్సైడ్ పరీక్ష అయింది. గొట్టంలో పొడి, పైనుంచి గ్యాసు, నెమ్మదిగా వేడి. కడగని పొడి నూరు డిగ్రీల దగ్గర్లోనే మొదలుపెట్టింది. కడిగిన పొడి చాలా ఆలస్యంగా లేచింది, అయినా ఒట్టి సీరియా కంటే ఎంతో ముందు.

బంగారం కథకు పూర్తిగా ఎదురు. మా దగ్గర తక్కువ వేడిలో పని చేస్తున్నది పైన అంటుకున్న రాగి చుక్కలు. కార్బన్ మోనాక్సైడ్ వచ్చి వాలేది వాటి మీదే. కానీ అవి ఒట్టి కాపర్ ఆక్సైడ్‌గా ఉంటే ఇంత పనిచేయవు. కింద సీరియా, దాని లోపలికి వెళ్లిన రాగి తెచ్చిన ఖాళీలు, వాటి గుండా అంచుకు చేరే ఆక్సిజన్. సరిహద్దు దగ్గర పని జరుగుతోంది. లోపలి రాగి ఒక్కటే అయితే చాలదు, బయటి రాగి ఒక్కటే అయితే చాలదు.

పిల్లకు బాధగా ఉంది, "అయితే మనది డోపింగ్ కాదా మేడమ్?" అని. కొంత డోపింగ్, కొంత పూత. ఆ కొంత ఎంతో కొలిచి రాస్తే పేపరు. రెండు శాతం రాగితో చేసిన పొడిని కూడా కడిగాం, దాని నీళ్లలో నీలం దాదాపు లేదు; అదంతా లోపలే ఉన్నట్టు. దాని పని కడిగిన పది శాతం పొడితో ఇంచుమించు సమానం. ఈ రెండూ పక్కపక్కన పెడితే వాదన నిలుస్తుంది. పేపరు పేరులో "డోపింగ్" ఉంచాలా తీసేయాలా అని గైడుగారు ఆలోచిస్తున్నారు. నేను పట్టికలో "ఆమ్లంలో కరిగిన రాగి" అని ఒక నిలువు వరుస పెట్టాను, అది మాత్రం తీయనివ్వను.

సోమవారం గడోలీనియం నైట్రేట్ వస్తుందట. దానితో ఈ లోపల–బయట తగవు ఉండదు, 1.053 ఆ ఇంట్లో హాయిగా సర్దుకుంటుంది. దాని తగవు వేరు: బిళ్ల గట్టిపడాలంటే 1,400 డిగ్రీల్లో కాల్చాలి, మా మఫిల్ 1,100 దాటదు. పెద్ద కొలిమి ఎవరి దగ్గరుందో రేపు వాకబు చేయాలి.